పది నంబరు సూది ఏది?

మునగపాకలో ఒక అమ్మమ్మ ఉందనుకుందాం. నిజానికి ఆమె ఇంకా అమ్మమ్మ కాలేదు, మూడు నెలల్లో కాబోతోంది. కూతురు అమెరికాలో ఉంది. వీసా, టికెట్లు, అక్కడి చలి, ఇక్కడి చెరకు పనులు అన్నీ లెక్క చూసుకుంటే పురిటికి వెళ్లడం కుదిరేలా లేదు. కనీసం పుట్టబోయే బిడ్డకి తన చేత్తో అల్లిన దుప్పటి ఒకటి పంపాలని ఆమె కోరిక. చిన్నప్పుడు టేబుల్ క్లాత్‌లకీ, టీవీ కవర్లకీ లేసులు అల్లిన చెయ్యే. కూతురు వాట్సాప్‌లో ఒక డిజైను పంపింది. పేరు ట్యునీషియన్ క్రోషియా. కావలసినవి అన్న చోట ‘జె-10 సూది, పొడవుది’ అని ఉంది.

అనకాపల్లి ఫ్యాన్సీ షాపులో అడిగితే కుర్రాడు డబ్బాలన్నీ తిరగేసి పొడుగాటి సూది ఒకటి తీశాడు. దాని మీద పది అనే ఉంది. ఎనిమిది ఉండల ఉన్ని కూడా కొనుక్కుని ఆమె ఇంటికొచ్చింది. పద్నాలుగు రోజులు మధ్యాహ్నాలు నిద్ర మాని అల్లింది. తయారైంది మాత్రం దుప్పటి కాదు. నిలబెడితే నిలబడే అట్ట లాంటిదేదో వచ్చింది. కింది అంచు తాటాకు చుట్టలా పైకి చుట్టుకుపోయింది. ఎనభై సెంటీమీటర్ల వెడల్పు రావాల్సింది యాభై మూడు దగ్గర ఆగిపోయింది.

‘‘జె టెన్ అని ఉంది కదమ్మా?’’ అంది ఫోన్లో కూతురు.

‘‘ఏటే, పదంటే పదే కదా! పదో నంబరే ఇచ్చాడు’’ అంది తల్లి.

ఇద్దరి మాటా నిజమే. తప్పంతా ఆ పదిలో ఉంది.

క్రోషియా ప్రపంచంలో పదో నంబరు అనే సూది ఒకటి కాదు. అమెరికా లెక్కలో జె-10 అంటే 6 మిల్లీమీటర్ల లావున్న సూది. పాత బ్రిటిష్ లెక్కలో 10 అంటే 3.25 మి.మీ. మన దేశంలో అల్లిక సూదుల మీద నేటికీ కనిపించే నంబర్లు చాలావరకు ఈ పాత బ్రిటిష్ బాపతే. మళ్లీ అమెరికాలోనే సన్న లేసు అల్లే స్టీలు సూదులకి వేరే వరస ఉంది. అందులో 10 అంటే మిల్లీమీటరు పైచిలుకు. ఇవి చాలవన్నట్టు లేసు దారానికీ ఒక 10 నంబరుంది. అది సూదికి సంబంధించినదే కాదు.

ఎందుకిలా అని విసుక్కునే ముందు చేను కంచె వేయించిన రైతునెవరినైనా అడగండి. తీగె కొనేటప్పుడు ‘ఎన్ని గేజి’ అని అడుగుతారు. 8 గేజి లావు, 14 గేజి సన్నం. లోహపు కడ్డీని చిల్లుల గుండా లాగి లాగి సన్నం చేసేవాళ్లు. ఎన్నిసార్లు లాగితే అంత పెద్ద నంబరు, అంత సన్న తీగె అన్నమాట. బ్రిటన్‌లో 1884లో చట్టబద్ధమైన తీగెల ప్రమాణంలో 10 గేజి అంటే దాదాపు 3.25 మి.మీ. సూదులూ తీగెతో చేసినవే కాబట్టి అదే లెక్క వాటికీ వచ్చింది. 14 అంటే 2 మి.మీ., 8 అంటే 4 మి.మీ., 6 అంటే 5 మి.మీ., 4 అంటే 6 మి.మీ. అంటే మన అమ్మమ్మ అడగాల్సింది పదో నంబరు కాదు, నాలుగో నంబరు!

అమెరికావాళ్ల మామూలు సూదులకు నంబరు పెరిగితే లావు పెరుగుతుంది. పక్కన అక్షరం కూడా తగిలిస్తారు. అక్షరం ఉందని ధీమా పడనక్కర్లేదు. ‘ఎన్’ అనే అక్షరం 9 మి.మీ. పక్కనా కనిపిస్తుంది, 10 మి.మీ. పక్కనా కనిపిస్తుంది. ఇక దారం నంబరు వెనక ఉన్నది నూలు కౌంటు లెక్క. పొందూరు ఖద్దరు నూలు వందో కౌంటు అంటే మన ఉత్తరాంధ్రలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు, కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం.

అందుకే సూది కొనేటప్పుడు నంబరూ, అక్షరమూ పక్కనబెట్టి మిల్లీమీటర్లు అడగాలి. సూది మీద అచ్చు చెరిగిపోయిందా? కుట్టుమిషను దారాన్ని సూది ఒంటి మీద పక్కపక్కనే, ఒకదాని మీదొకటి ఎక్కకుండా పది చుట్లు చుట్టండి. ఆ దారం విప్పి స్కేలు మీద కొలవండి. సుమారు 19 సెంటీమీటర్లు వస్తే అది 6 మి.మీ. సూది. 10 సెంటీమీటర్ల చిల్లర వస్తే 3.25ది. కొలతని 31.4తో భాగిస్తే ఏ సూదైనా చిక్కుతుంది. ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్లకప్పగించండి, వాళ్ల పై విలువ ఇన్నాళ్లకి ఒక పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త, కొలవాల్సింది కొక్కెం దగ్గర కాదు, దాని కింద లూపు నిలిచే ఒంటి దగ్గర. కుట్టు ఎంత పెద్దదో నిర్ణయించేది ఆ ఒళ్లే.

లావు సూదే ఎందుకు?

ఇంతకీ ఈ ట్యునీషియన్ అల్లిక సంగతేమిటి? పేరు చూసి ట్యునీషియా నుంచి వచ్చిందనుకోవడానికి గట్టి ఆధారమేమీ లేదు. విక్టోరియా రాణి కాలంలో ఐరోపాలో దీని జోరు ఎక్కువ. ట్రైకో అన్నారు, రైల్వే అల్లిక అన్నారు, రాణిగారి పెద్దకూతురి పేరు కూడా పెట్టారు. అమెరికావాళ్లు ఆఫ్ఘన్ అన్నారు. పేర్లెన్ని మారినా పని ఒకటే. మామూలు క్రోషియాలో ఒక కుట్టు ముగించాకే ఇంకో కుట్టుకి వెళతాం. సూది మీద ఎప్పుడూ కొద్ది లూపులే ఉంటాయి. ఇందులో అలా కాదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా లూపులన్నీ తీసి సూది మీదే ఉంచుకుంటూ పోవాలి. అది వెళ్లే వరస. తర్వాత గుడ్డ తిప్పకుండానే, ఒక్కొక్క లూపునీ దించుకుంటూ వెనక్కి రావాలి. అది తిరుగు వరస. రెండూ కలిస్తేనే ఒక వరస పూర్తయినట్టు. అటు స్వెట్టర్ అల్లికా, ఇటు క్రోషియా, రెండిటి మధ్య పుట్టిన బిడ్డ ఇది.

వెళ్లేటప్పుడు తీసిన లూపులు ముందువైపు నిలువు గీతల్లా నిలబడతాయి. తిరుగు వరస దారం వాటి వెనక అడ్డంగా పోతుంది. దాంతో గుడ్డ రెండు పొరల్లా దట్టంగా వస్తుంది, వెనకవైపు బరువు పెరిగి అంచు ముందుకు చుట్టుకుంటుంది. ఇది అల్లేవాళ్ల చేతకానితనం కాదు, ఆ కుట్టు స్వభావమే అంత. దానికి చోటిస్తే కాస్త శాంతిస్తుంది. చోటివ్వడమంటే లావు సూది వాడటమే.

ఎంత లావు? ఉన్ని ఉండ చీటీ మీద ఏ సూదితో అల్లాలో మి.మీ.లో ఉంటుంది. అది మామూలు క్రోషియాకి. ట్యునీషియన్‌కి దాని మీద ఒకటిన్నర నుంచి రెండు మి.మీ. కలుపుకుని మొదలుపెట్టాలి. చంటిపిల్లల సన్న ఉన్ని చీటీ మీద 3 అని ఉంటే 4.5 లేదా 5. మామూలు ఉన్నికి 4 అని ఉంటే 5.5 లేదా 6. లావు ఉన్నికి 5 అని ఉంటే 6.5 లేదా 7. ఇది మొదలుపెట్టడానికే సుమా, ఇక్కడితో ఆగడానికి కాదు.

మునగపాక చుట్టుపక్కల బెల్లం వండేవాళ్లకి ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. (ఊరి పేరులోని పాక వేరు, పొయ్యి మీది పాకం వేరు. అయినా ఈ ఊళ్లో ఆ మాట రాకుండా ఎలా ఉంటుంది!) పెనం ఎంతసేపు కాగాలో గడియారం చూసి దించేవాళ్లు ఎవరూ లేరు. చెరకు రకం మారుతుంది, చేనులో నీరు మారుతుంది, మంట మారుతుంది. చన్నీళ్లలో రెండు చుక్కలు వేసి వేళ్ల మధ్య నలిపి చూసి, ఉండ కట్టాకే దించుతారు. అల్లికలో ఆ రెండు చుక్కల పని చేసేది నమూనా ముక్క.

పాతిక కుట్లు, ఇరవై వరసలు. అంతకంటే చిన్నది వద్దు. అంచుల దగ్గర కుట్టు ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది కాబట్టి మధ్యలో పది సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టాలి. లెక్కపెట్టే ముందు, రేపు దుప్పటిని ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, నీడలో పరచి ఆరబెట్టాలి. నూలైతే ఇది మరీ ముఖ్యం. ఆరాక ముక్కని చూపుడు వేలు మీద వేయండి. రెండు పక్కలా వాలిపోతే దుప్పటికి, శాలువాకి సరే. అప్పడంలా నిలబడితే సూది ఇంకో అర మి.మీ. పెంచాలి. వేలు కుట్ల మధ్య నుంచి ఇవతలికి వచ్చేస్తుంటే తగ్గించాలి.

ఇంత ముక్క కోసం ఒక సాయంత్రం దండగ అని చాలామంది అనుకుంటారు. లెక్క చూడండి. అమ్మమ్మ డిజైను ప్రకారం పది సెంటీమీటర్లకి 16 కుట్లు, మొత్తం 128 కుట్లు, వెడల్పు 80 సెంటీమీటర్లు. చెయ్యి కాస్త బిగువై 18 కుట్లు పడితే వెడల్పు 71కి దిగుతుంది. వదులై 14 పడితే 91కి పోతుంది. ఉన్ని ఎనిమిది ఉండలకే కొన్నాం కదా, చివరి జానెడు ఉండగా అయిపోతుంది. మళ్లీ షాపుకెళితే రంగు అదే ఉంటుంది కానీ అదే అద్దకం దొరక్కపోవచ్చు. చీటీ మీద రంగు నంబరు పక్కన అద్దకం తడవ నంబరు వేరే ఉంటుంది. అది మారితే కొత్త ఉండ మొదలైన చోట గీత గీసినట్టు కనిపిస్తుంది. రెండు కుట్ల తేడాకి ఇంత మూల్యం.

నరసాపురం మాట

సూది కొలత ఒక ఇంటి ముచ్చట మాత్రమే కాదని తెలియాలంటే గోదావరి జిల్లాలకి వెళ్లాలి. 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు మెక్రే దంపతులు అక్కడి ఆడవాళ్లకి నేర్పారని చెప్పే లేసు అల్లిక, తరాలు గడిచి నరసాపురం పేరుగా మారింది. 2024లో నరసాపురం క్రోషియా లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇది ట్యునీషియన్‌కి పూర్తిగా ఎదురు దారి. సన్న నూలుదారం, దానికి తగ్గ సన్న స్టీలు సూది. అల్లిక ఎంత గాలాడితే అంత అందం.

అక్కడ ఒక టేబుల్ క్లాత్ ఒక చేతి పని కాదు. పూలు అల్లే చేతిపనివాళ్లు వేరు, వాటిని కలిపి పెద్ద గుడ్డగా చేసే అతుకుపనివాళ్లు వేరు. పది ఇళ్లలో అల్లిన పూలు ఒక గుడ్డలో ఇమడాలి. ఒక ఇంట్లో సూది పిసరంత లావైతే ఆ పూలు పెద్దవవుతాయి, అతికిన చోట గుడ్డ ఉబ్బుతుంది. డిజైనుకి ఈ దారం, ఈ సూది అని ముందే కట్టడి చేసుకోవడం తప్పదు. లేదంటే నష్టపోయేది అల్లిన మనిషి కూలి.

ఆ కూలి ఎంతో లోకానికి చెప్పింది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్. 1982లో లండన్‌లో అచ్చయిన ఆమె పుస్తకం ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ విదేశీ విశ్వవిద్యాలయాల్లో పాఠమైంది. రోజుకి ఆరేడు గంటలు అల్లి, విదేశాలకు వెళ్లే సరుకు తయారు చేస్తున్న ఆడవాళ్లని అందరూ ‘ఇంట్లో ఖాళీగా ఉండి ఏదో అల్లుకుంటున్నారు’ అంటున్నారని, ఆ మాట చాటునే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె రాసింది. మీస్ 2023లో కన్నుమూసింది. ‘ఖాళీ టైములో అల్లుకునేది’ అన్న మాట మాత్రం మన ఇళ్లలో ఇంకా బతికే ఉంది. పద్నాలుగు మధ్యాహ్నాలు పాడైతే ‘పోనీలే, ఊసుపోకే కదా’ అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

పొడవూ చూడాలి

లావు కుదిరితే సగం పనే అయినట్టు. ట్యునీషియన్‌లో వరసంతా సూది మీదే ఉంటుంది కాబట్టి పొడవు కూడా కావాలి. లేసులకి వాడే జానెడు సూదితో నమూనా ముక్క వరకు నెట్టుకు రావచ్చు, అదీ ఒళ్లు ఒకే లావుగా ఉంటేనే. బొటనవేలు ఆనడానికి మధ్యలో చదునుగా నొక్కిన సూదులు, మెత్తటి పిడి తొడిగిన సూదులు మామూలు క్రోషియాకి హాయిగా ఉంటాయి, ఇక్కడ మాత్రం కొరగావు. లూపులు ఆ నొక్కు దగ్గర ఒక సైజు, దాటాక ఇంకో సైజు అవుతాయి. మఫ్లరుకి అడుగు పొడవున్న సూది, చివర లూపులు జారిపోకుండా బిరడా ఉన్నది, సరిపోతుంది.

దుప్పటికి అది చాలదు. దానికి వెనక ప్లాస్టిక్ తీగె తగిలించిన సూది తీసుకోవాలి. 128 లూపులు తీగె మీదకి జారి ఒళ్లో పడుకుంటాయి. బరువు మణికట్టు మీద కాకుండా ఒడి మీద పడుతుంది. యాభై దాటిన చేతులకి ఇది చిన్న సౌకర్యమేమీ కాదు. కొనేటప్పుడు సూదికీ తీగెకీ మధ్య అతుకు మీద గోరు పెట్టి చూడండి. గోరు తగిలితే ఉన్నీ తగులుతుంది, ప్రతి వరసలో 128 సార్లు తగులుతుంది.

వెదురు సూదులు లూపుల్ని పట్టి ఉంచుతాయి, అల్యూమినియంవి జారనిస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి వెదురు మంచిది. అయితే మన తీరం ఉక్కపోతలో, చెమట చేతుల్లో, అక్రిలిక్ ఉన్ని వెదురు మీద కదలనని మొరాయిస్తుంది. అప్పుడు అల్యూమినియమే దిక్కు.

ఇంకో మాట. బిగువు అల్లిక ఎప్పుడూ తప్పేం కాదు. పొయ్యి మీద గిన్నె దించే గుడ్డకి, కూరగాయల సంచికి, గుమ్మంలో పట్టాకి బిగువే కావాలి. వాటికి చీటీ మీది కొలతకే, లేదా అర మి.మీ. పైకే ఆగిపోవాలి. గిన్నె దించే గుడ్డకి మాత్రం నూలు తప్ప వేరే వద్దు. అక్రిలిక్ వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది.

మరి మునగపాక అమ్మమ్మ ఏం చేయాలి? ఆ యాభై మూడు సెంటీమీటర్ల అట్టని పట్టాగా వాడుకోవచ్చు. కానీ అదే అద్దకం ఉన్ని మళ్లీ దొరకదు. కాబట్టి విప్పాల్సిందే. విప్పిన ఉన్ని ఉంగరాలు తిరిగి ఉంటుంది, అలాగే అల్లితే కుట్లు కుదరవు. కుర్చీ వీపుకి చుట్టి, నాలుగు చోట్ల వదులుగా ముడేసి, గోరువెచ్చటి నీళ్లలో ముంచి, పిండకుండా నీడలో వేలాడదీస్తే రెండో రోజుకి చాలావరకు సాపు అవుతుంది. విశాఖ పూర్ణా మార్కెట్ వైపు వెళ్లే వాళ్లెవరితోనైనా తీగె సూదులు రెండు తెప్పించుకోవాలి. కాగితం మీద రాసి మరీ ఇవ్వాలి, 6 మి.మీ., 5.5 మి.మీ. అని.

6తో ముక్క అల్లి చూస్తే పది సెంటీమీటర్లకి 14 కుట్లే పడ్డాయనుకోండి, కంగారేం లేదు. సన్న లేసు బిగించి అల్లిన చెయ్యి లావు ఉన్ని దగ్గరికొచ్చేసరికి భయపడి వదులు చేస్తుంది. 5.5తో ఇంకో ముక్క. 16 పడ్డాయి.

‘‘అమ్మా, జె-10 అంటే ఆరు కదా, నువ్వు అయిదున్నరతో అల్లుతున్నావేంటి?’’ అంటుంది కూతురు.

‘‘ముక్క అల్లి చూశానే. నీకు నంబరు కావాలా, దుప్పటి కావాలా?’’

మొదటి గొలుసుకి వెనకవైపు బుడిపెల్లోంచి లూపులు తీస్తే అంచు చుట్టుకోవడం ఇంకొంత తగ్గుతుంది. తిరుగు వరసలో దారం లాగి పట్టకూడదు. మిగిలిన చుట్టు ఏదైనా ఉంటే, అల్లడం అయ్యాక తడిపి, నాలుగు పక్కలా గుండుసూదులు గుచ్చి ఆరబెట్టి, చుట్టూ ఒక అంచు అల్లుకోవచ్చు. రెండు నెలల పదిహేను రోజులుంది. ఆమె 128 లూపులు తీసింది. ఒకసారి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెడుతుంటే ఫోను మోగింది, ఎత్తలేదు.